అచ్చు ఎవరిది, బొమ్మ ఎవరిది?

కొండాపూర్ అనగానే హైదరాబాద్‌లో ఉండే మన తరానికి గుర్తొచ్చేది హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్. ఆఫీసులు, హాస్టళ్ళు, అర్ధరాత్రి దాకా తెరిచుండే టీ కొట్లు. నేను చెప్పబోయేది ఇంకో కొండాపూర్ గురించి. సంగారెడ్డి దాటి లోపలికి పోతే వచ్చే ఊరు అది. ఊరికి దక్షిణంగా ఓ కిలోమీటరు దూరంలో పెద్ద దిబ్బ ఒకటుంది. దాన్ని కోటగడ్డ అంటారు. రెండు వేల ఏళ్ళ కిందట, శాతవాహనుల కాలంలో, అక్కడొక పట్నం ఉండేది. ఆ పట్నంలో బొమ్మలు చేసేవాళ్ళుండేవాళ్ళు.

నేను ఉండేది భానూర్‌లో. భారత్ డైనమిక్స్ వాళ్ళ యూనిట్ ఉంది కాబట్టి ఊరి పేరు మీలో కొందరైనా విని ఉంటారు. చరిత్ర నా చదువు కాదు. పాశమైలారం వైపు ఒక ప్లాస్టిక్ మోల్డింగ్ యూనిట్‌లో డైలు బిగించడం, సరిచేయడం నా పని. ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా ఆ పనే. కొండాపూర్ బొమ్మల గురించి చదివిన ప్రతిచోటా నాకు ఒక మాట ఎదురైంది: రోమన్ ప్రభావం. ఆ మాటలో నిజం ఎంత ఉందో, అది ఏం చెప్పకుండా దాటేస్తోందో చూడాలనిపించింది.

ముందు దొరికినవేమిటో చెప్తాను. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హెన్రీ కజిన్స్ ఈ దిబ్బను గుర్తించాడు. 1940-42 మధ్య నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తవ్వింది. ఆ శాఖకు అప్పటి అధిపతి గులాం యజ్దానీ. అజంతా చిత్రాల మీద చేసిన పనితో పేరుపొందిన మనిషే. తవ్వకాల గురించి ప్రకటించిన వ్యాసంలో ఆయన కొండాపూర్‌ని ఒక ఆంధ్ర పట్టణంగా పరిచయం చేశాడు. స్తూపం, చైత్యాలు, ఇళ్ళు, కొలుములు బయటపడ్డాయి. దాదాపు 2000 నాణేలు దొరికాయి. నాణేలు పోసే అచ్చులు కూడా దొరకడంతో ఇక్కడ టంకశాల ఉండేదని పండితులు అనుకున్నారు. రకరకాల రాళ్ళ పూసలు, గాజు గాజులు, దంతం వస్తువులు, ఇనుప పనిముట్లు, రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం ఒకటి. వీటన్నిటితో పాటు మట్టిబొమ్మలు.

ఈ బొమ్మల్లో మేలైనవి మామూలు ఎర్రమట్టివి కావు. కయోలిన్ అనే మెత్తటి తెల్ల బంకమన్నుతో చేసినవి. చిన్నవి, తేలికైనవి, లోపల బోలుగా ఉంటాయి. ఆడవాళ్ళ తలలున్నాయి. జుట్టుముడులు, పాపిట సరాలు, చెవులకు వేలాడే బరువైన ఆభరణాలు, అన్నీ గోరంత జాగాలో స్పష్టంగా కనిపిస్తాయి. బొద్దుగా ఉన్న యక్షులు, పిల్లలు, పొట్టేళ్ళు, గుర్రాలు, ఏనుగులు ఉన్నాయి. మహారాష్ట్రలో తేర్, నేవాసా, పైఠణ్‌లలో కూడా ఇదే కుటుంబానికి చెందిన బొమ్మలు దొరికాయి. అంటే ఇది దక్కన్ అంతా పరుచుకున్న ఒక పనితనం.

చేసిన పద్ధతి ఇదీ. ముందువైపుకి ఒక అచ్చు, వెనకవైపుకి ఒక అచ్చు. రెంటిలోనూ పల్చగా మట్టి నొక్కుతారు. కాస్త ఆరాక రెండు సగాలనూ కలిపి, అతుకు మీద పల్చటి మట్టి పూసి, కత్తితో చెక్కి నునుపు చేస్తారు. తర్వాత కాలుస్తారు. ఎంత నునుపు చేసినా, చెవుల పక్కనుంచి భుజాల మీదుగా దిగే సన్నటి గీత ఎక్కడో ఒకచోట మిగులుతుంది. మా పనిలో దాన్ని పార్టింగ్ లైన్ అంటాం. రోజూ వేల మూతలమీద ఆ గీతను చూస్తూ బతికేవాడికి రెండు వేల ఏళ్ళ నాటి బొమ్మ మీద అది కనిపిస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ప్రభావం సంగతి. ఉత్తరాదిన ఆ రోజుల్లో ఎక్కువగా ఒకే అచ్చులో నొక్కిన పలకబొమ్మలు చేసేవాళ్ళు. ముందువైపే బొమ్మ ఉంటుంది, వెనక చదును. జంట అచ్చుతో బోలుబొమ్మ చేయడం మధ్యధరా ప్రాంతంలో అప్పటికే బాగా అలవాటైన పద్ధతి. రోమన్ వర్తకం సాగిన కాలంలోనే దక్కన్‌లో ఈ పద్ధతి బలంగా కనిపిస్తుంది. కాబట్టి అది అటునుంచి వచ్చి ఉంటుందని కొందరు పండితుల వాదన. దాన్ని కాదనడానికి నా దగ్గర కారణం లేదు. నాకు ఇబ్బంది ఆ వాదన ఆగిపోయే చోట. వచ్చింది అనేసి, ఇక చెప్పడానికేమీ లేనట్టు పక్క అద్దాల పెట్టెకి వెళ్ళిపోతాం.

ప్రపంచ కళాచరిత్రలో ఈ తీర్పు చాలాకాలం మోసినవాళ్ళు ఒకరున్నారు. ఎట్రుస్కన్లు. ఇటలీలో ఆర్నో, టైబర్ నదుల మధ్య, ఇప్పుడు టస్కనీ అని పిలిచే ప్రాంతంలోనూ దాని చుట్టుపక్కలా రోమ్‌కన్నా ముందే పట్నాలు కట్టినవాళ్ళు. వాళ్ళ లిపి చదవగలం గానీ భాష పూర్తిగా అర్థం కాదు. వాళ్ళ గ్రంథాలు దాదాపు ఏవీ మిగల్లేదు. మిగిలినవి సమాధులు, కంచు వస్తువులు, కాల్చిన మట్టి శిల్పాలు. చాలాకాలం పాటు పండితులు వాళ్ళని గ్రీకుల్ని చూసి చేసినవాళ్ళుగా, అదీ కాస్త మోటుగా చేసినవాళ్ళుగా లెక్కగట్టారు.

ఆ లెక్కకి మూలం దొరక్కపోదు. రోమన్ రచయిత ప్లినీ ఒక కథ చెప్తాడు. గ్రీసులోని కొరింథ్ నుంచి దేమరాటస్ అనే ధనికుడు పారిపోయి ఎట్రుస్కన్ల దగ్గరికి వచ్చాడట. వస్తూ ముగ్గురు మట్టిపనివాళ్ళని వెంటబెట్టుకొచ్చాడట. ఇటలీకి మట్టిశిల్పం వాళ్ళతోనే వచ్చిందంటాడు ప్లినీ. ఆ ముగ్గురి పేర్లలో ఒకటి యూఖైర్. గ్రీకులో 'మంచి చెయ్యి' అని అర్థం. పేరే చెప్తోంది, ఇది చరిత్రకన్నా కథకి దగ్గరని. కానీ గ్రీకు పనితనం ఎట్రుస్కన్లకి చేరిన మాట నిజమే. గ్రీకు కుండలు వాళ్ళ సమాధుల్లో కుప్పలుగా దొరికాయి. వాళ్ళ శిల్పాల పెదాల మీది నవ్వు, పొడుగు కళ్ళు, జడలుగా దిగిన జుట్టు గ్రీకుల నుంచి తెచ్చుకున్నవే.

ఇప్పుడు ఆ తెచ్చుకున్నదాంతో ఏం చేశారో చూడండి. క్రీ.పూ. 510-500 ప్రాంతంలో వేయీ అనే పట్నంలో ఒక గుడి కోసం అపోలో విగ్రహం చేశారు. 1916లో బయటపడింది. ఇప్పుడు రోమ్‌లోని విల్లా జూలియా మ్యూజియంలో ఉంది. దాదాపు నిలువెత్తు మనిషంత, మొత్తం కాల్చిన మట్టి, పైన రంగులు. గ్రీకులు ఆ రోజుల్లో యువకుణ్ణి చెక్కితే నగ్నంగా, నిటారుగా, కదలకుండా నిలబెట్టేవాళ్ళు. ఈ అపోలో బట్ట కట్టుకుని పెద్ద అంగలేసుకుంటూ మీదికి వస్తుంటాడు. గ్రీకులు ప్రధాన శిల్పాల్ని గుడి ముందుభాగంలో, కప్పు కింది త్రికోణంలో పెట్టేవాళ్ళు. ఎట్రుస్కన్లు ఏకంగా కప్పు మీదికెక్కించారు. నడికొప్పు మీద వరసగా దేవుళ్ళు నడుస్తుంటే కింద జనం తలెత్తి చూసేవాళ్ళు. వాళ్ళ గుడికి చెక్క దూలాలు, పచ్చి ఇటుక గోడలు. పాలరాయి బరువు ఆ కప్పు మోయలేదు. బోలుగా చేసిన మట్టి విగ్రహాన్ని మోయగలదు.

ఇంకో ఉదాహరణ చెర్వెతెరీ దగ్గర దొరికిన దంపతుల శవపేటిక. క్రీ.పూ. 520 ప్రాంతానిది. ఇలాంటివి రెండున్నాయి, ఒకటి విల్లా జూలియాలో, ఒకటి పారిస్‌లోని లూవ్ర్‌లో. భార్యాభర్తలు విందులో ఒకే మంచం మీద ఒరిగి కూర్చుని నవ్వుతుంటారు. అతని చెయ్యి ఆమె భుజం మీద ఉంటుంది. మంచం మీద ఒరిగి విందు చేయడం గ్రీకు అలవాటు. ముఖాల తీరు గ్రీకు. కానీ గ్రీకుల విందులో భార్యకి చోటు లేదు. అక్కడ కనిపించే ఆడవాళ్ళు వేణువు వాయించేవాళ్ళో, వేశ్యలో. ఎట్రుస్కన్ ఇంట్లో భార్య మొగుడి పక్కనే కూర్చుంటుంది. ఈ సంగతి గ్రీకు రచయితలకి మింగుడుపడక, ఎట్రుస్కన్ ఆడవాళ్ళ గురించి నానా మాటలూ రాశారు. శిల్పి తీసుకున్నది గ్రీకు మంచం. దాని మీద కూర్చోబెట్టింది తన ఊరి ఆలుమగల్ని.

పైగా ఆ పని చేయడానికి కావలసిన తెలివి ఏ మోడల్‌నీ చూసి వచ్చేది కాదు. విల్లా జూలియాలోని పేటిక దాదాపు రెండు మీటర్ల పొడవు. కొలిమిలో ఒకేసారి పట్టదు కాబట్టి నాలుగు భాగాలుగా చేసి విడివిడిగా కాల్చి కలిపారు. మట్టి ఆరేటప్పుడు, కాలేటప్పుడు కుంచించుకుపోతుంది. నాలుగు ముక్కలూ ఒకే లెక్కన కుంచించుకోకపోతే అతుకు కలవదు. మా దగ్గర ప్లాస్టిక్‌కి ఆ లెక్క చూసుకోవడానికి పట్టికలుంటాయి. వాళ్ళకున్నవి చేతులూ కళ్ళూ.

ఈ తెలివి ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక మోసం కథ ఉంది. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం 1915-21 మధ్య మూడు పెద్ద ఎట్రుస్కన్ మట్టి శిల్పాలు కొన్నది. ఇద్దరు యోధులు, ఒక భారీ తల. 1933లో ప్రదర్శనకు పెట్టింది. 1961లో అవి నకిలీవని ప్రకటించాల్సి వచ్చింది. నల్లపూతలో మాంగనీసు ఉంది, పాతకాలం వాళ్ళు అలా వాడలేదు. ఇంకో సంగతి, అంత పెద్ద శిల్పాల్లో కొలిమి వేడికి గాలీ ఆవిరీ బయటికి పోయే రంధ్రాలు లేవు. బొమ్మను పూర్తిగా చేసి, పగలగొట్టి, ముక్కల్ని కాల్చారన్నమాట. చేసినవాళ్ళలో ఒకడైన అల్‌ఫ్రెదో ఫియొరవాంతీ చివరికి ఒప్పుకున్నాడు. రుజువుగా, ఒక యోధుడి చేతికి లేని బొటనవేలు తన దగ్గరనుంచి తీసి చూపించాడు. పైరూపాన్ని అనుకరించడం అంటే అదీ. ముఖం, నిలబడే తీరు అన్నీ దించారు, కాల్చడం మాత్రం రాలేదు. దీని పక్కన పెడితే, గ్రీకుల దగ్గర నేర్చుకుని గుడి కప్పు మీద దేవుళ్ళని నడిపించినవాళ్ళకి కూడా అనుకరణ అనే మాటే వాడటం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

ఇక్కడో మలుపు ఉంది. రోమ్‌లోని కాపిటోలిన్ కొండ మీద జూపిటర్ గుడి కట్టినప్పుడు, దేవుడి విగ్రహం చేయడానికి వేయీ నుంచి వుల్కా అనే శిల్పిని పిలిపించారని ప్లినీయే రాశాడు. మట్టి విగ్రహం, దానికి ఎర్రరంగు పూసేవాళ్ళట. పేరుతో సహా మనకు తెలిసిన ఎట్రుస్కన్ శిల్పి దాదాపు అతనొక్కడే. అంటే ఏ రోమ్ పేరు చెప్పి కొండాపూర్ బొమ్మల్ని వివరిస్తున్నామో, ఆ రోమ్ తన పెద్ద దేవుడి కోసం పక్కూరి కుమ్మరిని అడుక్కుంది. రోమ్ పనితనం కూడా తెచ్చుకున్నదే.

అదే ప్లినీ ఇంకోచోట మన గురించి ఏడుస్తాడు. ఇండియా ఏటా 5 కోట్ల సెస్టెర్సులు లాగేస్తోందని. మిరియాలు, ముత్యాలు, మెత్తటి బట్టలు అటు పోతే, బంగారం వెండి ఇటు వచ్చాయి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో ఒకే కుప్పలో 1531 రోమన్ వెండి నాణేలు దొరికాయంటే ఆ ఏడుపుకి అర్థముంది. ప్లినీ క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయాడు. ఆ సమయానికి కొండాపూర్‌లో ఆవాలు మండుతూనే ఉన్నాయి.

అక్కడి కుమ్మరి రోమ్ నాణేన్ని ఏం చేశాడన్నదే ఈ వ్యాసానికి అసలు సంగతి. కొండాపూర్‌లో టైబీరియస్ చక్రవర్తి నాణేన్ని పోలిన మట్టిబిళ్ళలు దొరికాయి. టైబీరియస్ ఏలింది క్రీ.శ. 14 నుంచి 37 దాకా. అసలు నాణెం మీది తల, అంచు తీరు మట్టిలో దింపారు. మెడలో వేసుకోవడానికి వీలుగా చేశారు. దొంగ నాణేలు కావివి, మట్టిముక్క ఇచ్చి ఎవరూ సరుకు కొనలేరు. ఇవి నగలు. తేర్‌లో, కొల్హాపూర్‌లో, ఒడిశాలోని శిశుపాల్‌గఢ్‌లో కూడా రోమన్ నాణేల్ని పోలిన బిళ్ళలు దొరికాయి.

పురావస్తు పుస్తకాల్లో వీటిని బుల్లా అంటారు. లాటిన్ మాట, బుడగ అని అర్థం. రోమ్‌లో మగపిల్లల మెడలో దిష్టి తగలకుండా కట్టే తాయెత్తు అది. ఉన్నవాళ్ళకి బంగారంతో, లేనివాళ్ళకి తోలుతో. ఆ ఆచారాన్ని రోమన్లు తీసుకున్నది ఎట్రుస్కన్ల నుంచి! మన బిళ్ళకీ ఆ బుల్లాకీ భాషలో చుట్టరికమేమీ లేదు. కానీ ఎట్రుస్కన్ పిల్లాడి తాయెత్తు పేరు, రోమ్ మీదుగా, సంగారెడ్డి మట్టిబిళ్ళకి వచ్చి అంటుకోవడం చూస్తే ప్రభావాలు ఎంత వంకర దారుల్లో తిరుగుతాయో అర్థమవుతుంది.

బిళ్ళ వేసుకున్న మనిషికి రోమ్‌తో ఏం పని? టైబీరియస్ ఎవరో తెలిసే అవసరమూ లేదు. మనకి నాణెం మెడలోకి ఎక్కడం కొత్త సంగతి కాదు. కాసుల పేరు ఇవాళ్టికీ పెళ్ళిలో పెడతారు. దక్కన్‌లో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో చాలావాటికి బెజ్జాలున్నాయి, దండలో గుచ్చుకున్న గుర్తు. బంగారు కాసు కొనలేని ఇంటికి మట్టికాసు చేసిపెట్టాడు కుమ్మరి అని నేను అనుకుంటాను. రుజువు లేని ఊహే గానీ, వన్ గ్రామ్ గోల్డ్ దుకాణాలున్న ఊళ్ళో బతికేవాడికి ఈ ఊహ చేయడం కష్టం కాదు. రోమ్ పంపింది డబ్బు. కొండాపూర్ దాన్ని నగగా చదువుకుంది. ఇందులో ఏ సగాన్ని ప్రభావం అనాలి?

బొమ్మల దగ్గరికి వస్తే ఇదే సంగతి. జంట అచ్చు దూరం నుంచే వచ్చిందనుకుందాం. అందులో నొక్కింది ఎవర్ని? గ్రీకు దేవతనో రోమన్ సైనికుణ్ణో కాదు. పెద్ద కమ్మల అమ్మాయిని, పొట్ట యక్షుణ్ణి, పొట్టేలుని. మధ్యధరా అచ్చుబొమ్మలు సాధారణంగా మామూలు బంకమన్నువి. ఇక్కడివాళ్ళు కయోలిన్ ఏరుకున్నారు, బహుశా నగల గీతలు అంత సన్నగా రావాలంటే మామూలు మట్టి చాలదని. ఒక బొమ్మ నుంచి ఇంకో అచ్చు తీస్తే వచ్చే పిల్లబొమ్మ తల్లికన్నా చిన్నదవుతుంది, గీతలు మొద్దుబారతాయి. ఇది కుమ్మరికీ తెలుసు, డై ఫిట్టర్‌కీ తెలుసు. గీత పదును నిలవాలంటే మూలబొమ్మ చేయగలిగిన చెయ్యి అక్కడే ఉండాలి. అచ్చు అరువు తెచ్చుకోవచ్చు, ఆ చేతిని తెచ్చుకోలేం.

ప్రవాహం ఒకవైపే ఉందనుకోవడం కూడా తప్పే. 1938లో పాంపేయి శిథిలాల్లో దంతంతో చేసిన ఒక భారతీయ స్త్రీమూర్తి దొరికింది. ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. దక్కన్‌లోని తేర్‌లో దొరికిన దంతపు బొమ్మకి అది దగ్గర బంధువులా ఉంటుంది. ప్లినీ చనిపోయిన ఆ పేలుడులోనే బూడిద కింద పడింది. దాన్ని చూసి పాంపేయి మీద దక్కన్ ప్రభావం అని ఎవరూ రాయరు. దిగుమతి అయిన విలాస వస్తువు అంటారు. రోమ్ మనది తెచ్చుకుంటే అభిరుచి, మనం రోమ్‌ది తెచ్చుకుంటే ప్రభావం. మాట మారడంలోనే తీర్పు ఉంది.

ఈ తీర్పు నాకు పాత సంగతిగా అనిపించదు. మా పటాన్‌చెరు బెల్ట్‌లో పనిచేసే ఎవర్నైనా అడగండి. మిషన్ ఎక్కడిదో, డ్రాయింగ్ ఎవరిదో అందరూ అడుగుతారు. ఆ డై ఈ ఎండాకాలం వేడికి, ఈ ముడిసరుకుకి, ఈ కరెంటుకి లొంగేలా ఎవరు సరిచేశారో అడిగేవాళ్ళుండరు. సరిచేసినవాడి పేరు ఏ కాగితం మీదా పడదు. కొండాపూర్ కుమ్మరి పేరూ పడలేదు. నాసిక్ గుహలో, ఆభీర రాజు ఈశ్వరసేనుడి కాలం నాటి ఒక శాసనం ఉంది. జబ్బుపడ్డ భిక్షువుల మందుల కోసం శ్రేణుల దగ్గర డబ్బు జమచేసిన సంగతి చెప్తుంది. అందులో 'కులరిక' శ్రేణి దగ్గర పెట్టింది 1000 కార్షాపణాలు. ఆ మాటకి కుమ్మరులని అర్థం చెప్పారు పండితులు. దక్కన్‌లో కుమ్మరుల సంఘానికి బ్యాంకుకి ఉండే పరపతి ఉండేదన్నమాట. మనుషుల పేర్లు మాత్రం లేవు. ఎట్రుస్కన్లకి కనీసం ఒక వుల్కా మిగిలాడు.

కొండాపూర్ దిబ్బ దగ్గరే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. శుక్రవారం సెలవు. వెళ్తే సాబుత్‌గా ఉన్న బొమ్మల దగ్గర కన్నా పగిలిన వాటి దగ్గర ఎక్కువసేపు నిలబడండి. బోలుబొమ్మ పగిలితే లోపలివైపు కనిపిస్తుంది. ముఖం వైపంతా అచ్చు చెప్పినట్టే ఉంటుంది. లోపల అచ్చు లేదు. తడిమట్టిని మూలమూలకీ నొక్కిన వేళ్ళ సొట్టలుంటాయి, మందం ఎక్కడ ఎక్కువుంటే కాల్చేటప్పుడు పగులుతుందో తెలిసి నొక్కిన సొట్టలు. అవి ఏ దేశం నుంచి వచ్చాయని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.